చున్నీ కింద బేరం

మా పాప ఎవరితోనో బేరమాడుతోందని నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం పూట, అంగట్లో ఈగ కూడా లేని వేళ.

ఎమ్మిగనూరులో మా ఇల్లూ అంగడీ ఒకటే. వీధి వైపు గదిలో నేను దుప్పట్లు, తువాళ్ళు, నేత చీరలు అమ్ముతాను. వెనక గదిలో మా ఆయన మగ్గం. రెంటికీ మధ్య ఒక గడప. ఆ రోజు మా ఆయన నూలు తేవడానికి పోయాడు, మగ్గం ఆగి ఉంది. మగ్గం ఆగితే మా ఇంట్లో వచ్చే నిశ్శబ్దం మామూలుది కాదు. ఎవరో మాట మధ్యలో ఆపి మన వైపు చూస్తున్నట్టు ఉంటుంది. పాప గడప మీద కూర్చుని ఉంది. తొమ్మిదో తరగతి. దాని ఎదురుగా, చీరలు కొనడానికి వచ్చేవాళ్ళ కోసం వేసిన స్టూలు, ఖాళీగా. చున్నీ ఒళ్ళో పరుచుకుని రెండు చేతులూ దాని కింద పెట్టుకుంది. గుడ్డ కింద వేళ్ళు కదులుతున్నాయి.

ఇంకొకరైతే దురద అనుకుని ఊరుకునేవాళ్ళు. నేను ఊరుకోలేను. నేను పుట్టింది ఆదోనిలో, పగ్గాలు, ముకుతాళ్ళు, ఎద్దుల మెడ గజ్జెలు అమ్మే అంగట్లో. మా నాన్న పశువుల సంతల్లో దళారీ పని కూడా చేసేవాడు. సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువాల కప్పుతారు, లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే వెయ్యి, రెండైతే రెండు వేలు, అన్నీ కలిపి పట్టుకుంటే ఐదు. గణుపు నొక్కితే సగం. చుట్టూ వంద మంది నిలబడినా ధర ఆ ఇద్దరికి తప్ప తెలియదు. నాకు తెలిసేది. ఎనిమిదేళ్ళప్పుడే తువాల మీది ముడతలు చూసి ధర చెప్పేదాన్ని. "ఇది మొగపిల్లోడై ఉంటే నా అన్నం పోగొట్టేది" అనేవాడు నాన్న. నా బతుకులో నేను అందుకున్న ఒకే ఒక్క బిరుదు అది. నా పెళ్ళిలో మేళం వాళ్ళు ఎక్కువ అడుగుతుంటే పీటల మీద నుంచే తగ్గించిన పెళ్ళికూతుర్ని నేను. మా అత్త ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటుంది, మెచ్చుకోలుగా కాదు.

అందుకే చున్నీ ముడతలు చదివాను. నాలుగు. ఆగింది. అవతలివాళ్ళు జవాబు చెప్పేంత సేపు ఆగింది. మూడున్నర. మళ్ళీ ఆగింది. మూడు.

మొదట నవ్వొచ్చింది. "ఏం పాపా, ఎద్దులు కొంటాండావా?" అన్నాను.

తలెత్తింది. కళ్ళు నా వైపే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు. "ఉండు మా, మధ్యలో మాట్లాడొద్దు. మళ్ళా మొదట్నుంచీ పెట్టుకోవాల" అంది.

నవ్వు ఆగిపోయింది. ఖాళీ స్టూలు వైపు చూశాను. ఎందుకో దాన్ని పక్కకు జరపడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజు నుంచి నా చూపంతా పాప మీదే. బడికి పోయే ముందు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, వాళ్ళ నాన్న బయటికి అడుగు పెట్టే ముందు, చేతులు చున్నీ కిందికి పోయేవి. నేను చదివిన ధర వారం వారం దిగుతూ వచ్చింది. సంతలో ధర అట్లా దిగుతోందంటే అమ్మేవాడికి అవసరం మీద పడిందని అర్థం. నా కూతురు దేన్నో అమ్ముతోంది, అవతలివాడికి తొందరేమీ లేదు.

మా ఆయనకు చెప్పాను. ఆయన పోగు సర్దుకుంటూ, "నీ కండ్లకు అన్నీ ధరలే కనపడతాయి లేమ్మే" అన్నాడు. అంతలో బడి నుంచి ఫోను వచ్చింది. పరీక్షలో పాప మొదటి జవాబే రాసి, చెరిపి, మళ్ళీ రాసి, కాగితం చిరిగేదాకా అట్లాగే చేసిందట. జవాబు తప్పేమీ కాదట.

మా అత్త గాలి సోకిందని తేల్చేసింది. ఆదోనిలో ఒకాయన తాయెత్తు కడతాడని చెబితే పోయాను. రెండు తీసుకుంటాను, ధర చూసి చెప్పమన్నాను. "తాయెత్తుకు బేరమేంది తల్లీ?" అని ఆయన దిగులుగా నవ్వి తగ్గించాడు. గెలిచినట్టే ఇంటికొచ్చాను. తాయెత్తు కట్టిన సాయంత్రమే పాప దాన్ని తన లెక్కలో చేర్చుకుంది. వేళ్ళు నొక్కడం అయ్యాక ఇప్పుడు తాయెత్తును మూడుసార్లు ముట్టాలి. రెండోది వాళ్ళ నాన్న మెడలో కట్టాను గదా, దాన్నీ మూడుసార్లు ముట్టాలి. ఆయన మగ్గం మీద వంగి ఉంటే వచ్చి వీపు వెనక నిలబడేది, పిలవకుండా, ఆయన వెనక్కి తిరిగేదాకా. ఒకసారి ఆయన ఉలిక్కిపడి పోగు నేసే నాడె కింద పడేసుకున్నాడు.

తర్వాత నేను చేసిన పని ఇంకే తల్లీ చేసి ఉండదు. నేనే బేరంలోకి దిగాను.

ఒక ఉదయం పాప బడి సంచి వేసుకుని గడప దాటలేక నిలబడిపోయింది. బడి గంట కొట్టి చాలాసేపైంది. కాలు ఎత్తుతుంది, పెడుతుంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి గాని ఏడుపు చప్పుడు లేదు. నేను స్టూలు మీద కూర్చున్నాను. అవతలివాడు ఎవడైనా సరే, వాడి చోటులో నేను కూర్చుంటే నాతోనే మాట్లాడాలి గదా అనుకున్నాను. చున్నీ కింద చెయ్యి పెట్టాను. పాప వేళ్ళు కుండలో నుంచి తీసినట్టు చల్లగా ఉన్నాయి. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత గట్టిగా నా వేళ్ళు పట్టుకుంది. రెండు అని చదివాను. నేను ఐదు పట్టుకున్నాను. అంత పెంచితే ఎవడైనా ఒప్పుకోవాల్సిందే. సంతలో బేరం తెగితే అరచేతిలో తట్టి వదిలేస్తారు. తట్టాను.

పాప పొడుగ్గా ఊపిరి వదిలింది. గడప దాటింది. సాయంత్రం వచ్చి రెండు జొన్నరొట్టెలు తిన్నది.

"అయిపోయింది, కొనేసినా" అన్నాను మా ఆయనతో, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"ఏం కొన్నావ్?"

"ఐదుకు" అన్నాను. ఏం కొన్నానో నాకే తెలియదు.

మరుసటి రోజు పాప మళ్ళీ చెయ్యి అడిగింది. ఇచ్చాను. ఆ మరుసటి రోజు మూడుసార్లు. పది రోజులు తిరిగేసరికి నీళ్ళు తాగాలన్నా నా చెయ్యే, స్నానానికి పోవాలన్నా నా చెయ్యే. తట్టడం కాస్త మెల్లగా పడితే ఒప్పుకోదు, మళ్ళీ మొదట్నుంచి. నేను అంగట్లో చీర మడత విప్పి చూపిస్తుంటే వచ్చి పక్కన నిలబడేది, చున్నీ నా చేతి మీద కప్పేది. పల్లెటూరి నుంచి వచ్చిన ఒకామె మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "తల్లీ కూతురూ లోపల లోపల ఏం అమ్ముకుంటాండారమ్మా?" అని నవ్వి, చీర తీసుకోకుండానే లేచిపోయింది. ఆదోనికి సరుకు కోసం పోవడం మానేశాను, పాప పోనివ్వదు గనక. కొనడానికి పోయి నేనే అమ్ముడుపోయానని అప్పటికి తెలిసింది.

సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు ఓపికగా విని, పిల్లల మనసు చూసే డాక్టరు ఇక్కడ రోజూ ఉండరని, కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాశారు. అక్కడ డబ్బు పని లేదు. కాని పాపకు బస్సెక్కడానికే గంట పడుతుంది. పోను రాను రోజు సరిపోతుంది, అదీ వారం వారం. చీటీ పట్టుకుని ఆలోచిస్తుంటే మందుల అంగడి ఆయన గొంతు తగ్గించి, కర్నూలు నుంచి ఒక మేడమ్ బుధవారం బుధవారం ఆదోనికి వస్తారని చెప్పాడు. ఏదో దొంగసరుకు సంగతి చెప్పినట్టు అటూ ఇటూ చూసి మరీ చెప్పాడు.

మేడ మీద గది. కింద బోర్డు మీద తలనొప్పి, నరాలు, నిద్ర అని ఉంది, మనసు అనే మాట లేదు. ఆదోని వరకు పాపను తేవడానికి ఇరవై ఆరుసార్లు చెయ్యి ఇచ్చాను. మెట్లకు మెట్టుకొకటి వేరే. పైన బెంచీల మీద పదిమంది దాకా ఉన్నారు. ఒకరి మొహం ఒకరికి కనపడకుండా అందరూ ఒకే గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ గోడ మీద క్యాలెండరు కూడా లేదు. మా వీధి ఆమె ఒకత్తి కొంగు కప్పుకుని ఉంది. నిన్న ఉదయమే నా దగ్గర తువాల కొన్నది. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను, ఇద్దరం ఎరగనట్టు గోడ వైపు తిరిగాం. ఎవరూ దగ్గలేదు కూడా. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒకరు లేచి పోయేవాళ్ళు, మిగిలినవాళ్ళం ఆ ఖాళీలోకి జరిగేవాళ్ళం.

చీటీలు రాసే అమ్మాయి దగ్గర నా విద్య చూపించాను. "రెండు నెలలకు కలిపి మాట్లాడుకుందాం. ఏమైనా చూసుకోమ్మా."

"అక్కా, ఇది చీరలంగడి కాదు."

"చీరలంగడైతే నేనే ఇంత సెప్పను."

"ఆరోగ్య కార్డు చెల్లదు, అరువు లేదు, బేరం లేదు. పేరు చెప్పక్కా" అంది. ఇట్లాంటి పిల్ల నా అంగట్లో ఉంటే నేను ఎప్పుడో బాగుపడేదాన్ని.

మేడమ్‌కు నా వయసే ఉంటుంది. నన్ను కాదు, పాపను అడిగింది. పాప మామూలు గొంతుతో, బడి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "వేళ్ళు సరిగ్గా నొక్కకపోతే మా అమ్మ సచ్చిపోతాది. బస్సు బోల్తా పడి. నాకు కనపడతాది. నాయన గూడా, గాని అమ్మే ముందు."

అంత మాట విన్నా నాలోని దళారి ఊరుకోదు గదా. "మరి ధర ఎంతకొచ్చింది పాపా? ఎవరికి సెప్తాండావు?" అన్నాను.

పాప నా వైపు వింతగా చూసింది. "ధరేంది మా?"

నాలుగు, మూడున్నర, మూడు అని విడమరిచి చెప్పాను. పాపకేమీ అర్థం కాలేదు. సంత లెక్క దానికి రాదు, నేనెప్పుడూ నేర్పలేదు. అది ఒక్కో వేలూ నొక్కేది, లోపల సరిగ్గా ఉందనిపించేదాకా. అంతే. అవతల ఎవరూ లేరు. నేను చదివిన అంకెలన్నీ నావే. ఆ మాట విని ధైర్యం రావాలి. రాలేదు. మూడు నెలలు ఎవరి బేరమో నేను ఒక్కదాన్నే విన్నానన్నమాట.

"ఇది గాలి కాదమ్మా, మీ తప్పూ కాదు" అంది మేడమ్. "జబ్బు. చాలామంది పిల్లలకొస్తుంది. మాత్ర ఇస్తాను. దాంతోపాటు అభ్యాసం ఉంది. భయమేసినా నొక్కకుండా ఉండటం, కొంచెం కొంచెంగా. పదహారు వారాలు అనుకోండి."

"ఎనిమిదికి చేసియ్యండి మేడమ్."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. ఫీజులో కొంత దుప్పట్ల కింద జమ చేసుకోమన్నాను, మా ఆయన నేత ఎంత గట్టిదో చెప్పాను. చివరికి ఒక వారం ఇక్కడికి, ఒక వారం ఫోనులో, ఫోనుకు సగం అని ఒప్పుకుంది. గెలిచాననుకున్నాను.

"ఇప్పుడు నేనడిగేది వినండి" అంది. "పాప అడిగినప్పుడు మీరు చెయ్యి ఇవ్వకూడదు. మీరిచ్చే ప్రతిసారీ ఆ భయం నిజమేనని మీరే సంతకం పెట్టినట్టు. అందులో సగాలు లేవు."

తర్వాత పాపతోనే ఆ అభ్యాసానికి మెట్లు రాయించింది, తేలికవి ముందు, కష్టమైనవి చివర. భయానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. నొక్కకుండా నీళ్ళు తాగడం నాలుగు. నొక్కకుండా గడప దాటడం ఆరు. అన్నిటికన్నా కింద పాప చాలాసేపు పెన్ను పట్టుకుని రాసింది: అమ్మ ఒక్కతే ఆదోనికి పోవడం, చెయ్యి ఇవ్వకుండా. పక్కన పది.

ఆ నెలల్లో మా ఆయన ఎక్కువ చీరలు నేశాడు. నేను వాటిని ఎన్నడూ అమ్మనంత తక్కువకు అమ్మాను. కొనేవాళ్ళు నా మొహం చూసి ధర చెప్పేవాళ్ళు. నీళ్ళ మెట్టు దాటాం, గడప మెట్టు దాటాం. మధ్యలో ఒక వారం అన్నీ తిరగబడి, మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టాం. ఎనిమిది వారాలు దాటిపోయాయి, నేను లెక్క అడగడం మానేశాను.

ఆఖరి మెట్టు రోజు పొద్దున పదిన్నరకు నేను సంచి తీసుకుని నిలబడ్డాను. పాప గడప మీద నిలబడింది.

"మా, ఒక్కసారి."

"వద్దు పాపా."

"ఒక్క వేలు సాలు."

"వద్దు."

"మేడమ్‌కు యాడ తెలుస్తాది? మనమే సెప్పకుంటే పాయె." నేను చెప్పులు తొడుక్కున్నాను. "పోనీ పట్టుకోను. ఊరికే ముట్టుకుంటా. చిటికెన వేలు."

ఆ కష్టంలోనూ నాకు తెలిసింది, ఇది నా కూతురే.

మా అత్త వంటింట్లోంచి వచ్చింది. "బిడ్డ అట్ల వణుకుతాంటే రాయి మాదిరి నిలబడినావే. ఇచ్చెయ్యి మే, ఏం పోతాది నీ సొమ్ము?"

చెయ్యి దానంతటదే లేవబోయింది. సంచి రెండు చేతులతో పట్టుకున్నాను. "భయమెంత పాపా?"

"పది. పదకొండు."

"సాయంత్రం వస్తా" అనబోయి ఆగాను. అట్లా మాట ఇవ్వకూడదని మేడమ్ చెప్పింది, అదీ ఒక రకంగా చెయ్యి ఇచ్చినట్టేనట. ఏమీ చెప్పకుండా వీధిలోకి దిగాను. వెనక పాప గొంతు ఒక్కసారి "మా" అంది. కేక కాదు. నేను అప్పటికే పోయినట్టు, నన్ను గుర్తు చేసుకుంటున్నట్టు అంది.

బస్సులో నా పక్క సీటు ఖాళీ. ఊరు దాటాక, పత్తి తీసేసిన నల్లచేల మధ్యలో బస్సు ఆగింది. స్టాపు కాదు, ఎక్కేవాళ్ళు లేరు. డ్రైవరు దిగి ముందుకు పోయాడు. ఇంజను ఆగింది. ఎండలో ఒక్క చప్పుడు లేదు. ఇక్కడే, అని నా తలలో ఎవరో అన్నారు. ఇక్కడే అని పాప చెప్పలేదా? బోల్తా పడే చోటు ఎట్లా ఉంటుందో దానికి కనపడిందన్నది గదా, ఇట్లాగే కనపడి ఉంటుందా? ఒళ్ళో చూసుకున్నాను. నా రెండు చేతులూ కొంగు కింద ఉన్నాయి. ముడతలు కదులుతున్నాయి. మూడు. రెండున్నర. ఎప్పుడు మొదలుపెట్టానో, ఎవరికి చెబుతున్నానో తెలియదు. ఆపితే ఏదో తప్పిపోతుందని మాత్రం ఖాయంగా తెలుస్తోంది. ఎంత ఖాయంగా అంటే, నా పేరు నాకు తెలిసినంత. నా బిడ్డ ఇన్ని నెలలుగా రోజంతా ఉన్న చోటు అదేనని అప్పుడు అర్థమైంది. చేతులు బయటికి లాగి ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. వేళ్ళు నొప్పి పుట్టేదాకా వదల్లేదు. డ్రైవరు వచ్చి, టైరు చూసినానని ఎవరికో చెప్పి, బండి తీశాడు.

ఆదోనిలో రెండు గంటలు ఉండాలి, ఫోను చేయకూడదు అని మేడమ్ చెప్పింది. నూలుకు అద్దే రంగుల పొట్లాలు కొన్నాను. ధర ఎంతన్నాడో గుర్తు లేదు. మిగతా సేపు బస్టాండులో కూర్చుని కొండ మీది బండరాళ్ళు చూశాను.

తిరుగు బస్సు ఆలస్యమైంది. నేను మా వీధి మలుపు తిరిగేసరికి మూడు దాటింది. పాప గడప మీదే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. దగ్గరికి వచ్చేదాకా కాళ్ళ నుంచి పైకి చూస్తూ వచ్చింది, నేను నేనేనా అన్నట్టు. దాని కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇప్పుడెంత పాపా?" అన్నాను.

"తొమ్మిది. నడుమ ఆరైంది. బస్సు రాకపోయేసరికి మళ్ళా తొమ్మిది."

"నొక్కినావా?"

తల అడ్డంగా ఊపింది. "నువ్వు సచ్చిపోయినావనే అనుకున్యా మా. నిజంగానే. అనుకోని, లేసి పోయి అన్నం తిన్యా."

మా అత్త వెనక నుంచి, "తిన్నది మే, గోంగూర ఏసుకోని తిన్నది" అంది. నేను గోడకు ఆనుకుని చెప్పులు విడిచాను. పాప వాటి వైపు చూసి, "రేపు మళ్ళా పో" అంది.

"రేపేంటికి?"

"తొమ్మిదిలోనే ఉంది గదా. దిగేదాకా పోవాలంట, మేడమ్ సెప్పింది." తర్వాత, గొంతు తగ్గించి, "నాకు భయమే. అయినా పో."

మరుసటి రోజు పదిన్నరకు బయలుదేరాను. ఆదోనిలో నాకు పనేమీ లేదు. కొనాల్సింది లేదు, అమ్మాల్సింది లేదు. సంచిలో నీళ్ళ సీసా ఒక్కటే ఉంది. పాప గడప మీద నిలబడింది. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే నాకు నిన్నటి ఏడుపు కన్నా భరించడం కష్టమైంది. వెనక్కి తిరిగి చూడకుండా మలుపు దాటాను. బస్సు వచ్చింది, ఎక్కాను. యాడికక్కా అని కండక్టరు అడిగితే ఆదోనికని చెప్పి, పోను రాను చార్జీ ఒకేసారి ఇవ్వబోయాను. "వచ్చేది వచ్చేటప్పుడు తీసుకో" అన్నాడు.